గేరు మార్చడానికి కోడెందుకండీ?

రెండు గేర్ల గేరుబాక్సు కష్టపడి బిగించి, ఆ గేరు మార్చే పనిని బొమ్మ విమానాల సర్వోకి అప్పజెప్పే పిల్లల్ని చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్ళకి ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషిని తలుచుకుంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆయన చాలాసార్లు మన బాపతే, అంటే సాఫ్ట్‌వేర్ బాపతు. "ఈ గాలి గొట్టాలూ కంప్రెసరూ ఈ గోలంతా ఎందుకండీ? ఒక సర్వో పెట్టేస్తే మిగతాది కోడులో చూసుకోవచ్చు కదా" అంటాడు. ఆ చివరి ముక్క దగ్గరే నాకు పేచీ. నేనూ కోడు రాసుకుని బతికేవాణ్ణే. అందుకే చెప్తున్నా, గేరు మార్చడం కోడులో చూసుకునే పని కాదు.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎఫ్‌ఆర్‌సీ అని హైస్కూలు పిల్లల రోబో పోటీ ఒకటుంది. డీన్ కామెన్ స్థాపించిన ఫస్ట్ అనే సంస్థ 1992 నుంచి నడుపుతోంది. అమెరికాలో హైస్కూలు పిల్లలున్న తెలుగు ఇళ్ళలో చాలామంది ఈ పేరు వినే ఉంటారు. శనివారం పిల్లల్ని దింపడానికి వెళ్ళి, అక్కడే మెంటర్లుగా ఇరుక్కుపోయిన నాన్నలు బోలెడుమంది. జనవరిలో ఆట ఏమిటో ప్రకటిస్తారు. కొద్ది వారాల్లో యాభై కిలోల పైచిలుకు రోబో తయారైపోవాలి. సుమారు 54 అడుగుల పొడవు, 27 అడుగుల వెడల్పు ఉన్న మైదానంలో అటు మూడు, ఇటు మూడు రోబోలు రెండున్నర నిమిషాల పాటు పరుగులు పెడతాయి, గుద్దుకుంటాయి, నెట్టుకుంటాయి.

పరుగుకీ నెట్టుడుకీ ఒకదానికొకటి పడదు. ఎంత పడదో లెక్కేసి చూస్తే గానీ తెలీదు. చాలా ఏళ్ళు ఈ పోటీలో రాజ్యమేలిన సిమ్ మోటారునే తీసుకోండి. 12 వోల్టుల దగ్గర ఖాళీగా తిరిగితే నిమిషానికి 5,300 చుట్లు, కదలకుండా పట్టేస్తే 133 ఆంపియర్లు లాగుతూ 2.4 న్యూటన్-మీటర్ల టార్కు. ఇలాంటివి నాలుగు, నాలుగంగుళాల చక్రాలు, బ్యాటరీ బంపర్లతో కలిపి 70 కిలోల రోబో అనుకుందాం. చక్రాలకి మంచి పట్టుంటే అవి జారేలోపు సుమారు 750 న్యూటన్ల తోపు వస్తుంది. మోటారుకీ చక్రానికీ మధ్య 5.8 రెట్లు తగ్గిస్తే సెకనుకి 16 అడుగుల వేగం. బ్రహ్మాండం. కానీ ఆ గేరులోనే ఎదుటివాణ్ణి నెట్టాలంటే ఒక్కో మోటారు 107 ఆంపియర్లు, నాలుగూ కలిపి 430 దాకా లాగాలి. రోబో మెయిన్ బ్రేకరేమో 120 ఆంపియర్లది! అదే 14 రెట్లు తగ్గిస్తే వేగం ఆరున్నర అడుగులకి పడిపోతుంది గానీ, అంతే తోపుకి మోటారుకి 45 ఆంపియర్లు చాలు. మొత్తం 180. మెయిన్ బ్రేకరు కొన్ని సెకన్లు ఓర్చుకుంటుంది, ఒక్కో మోటారుకుండే 40 ఆంపియర్ల బ్రేకరూ ఓర్చుకుంటుంది. రెండు గేర్లు ఎందుకంటే ఇందుకు.

ఇక గేరు ఎలా మారుతుందో చూద్దాం. ఈ గేరుబాక్సుల్లో ఎక్కువగా ఉండేది డాగ్. కుక్క కాదు లెండి, పళ్ళున్న ఒక ఉక్కు కాలరు. షాఫ్టు మీద అటూ ఇటూ జరుగుతుంది, షాఫ్టుతో పాటే తిరుగుతుంది. అటు పెద్ద గేరు, ఇటు చిన్న గేరు, రెండూ షాఫ్టు మీద వదులుగా తిరుగుతూ ఉంటాయి. డాగ్ ఎటు జరిగి ఏ గేరు పక్కనున్న గాళ్ళలో పళ్ళు దూరిస్తే ఆ గేరు షాఫ్టుకి అతుక్కుంటుంది. మధ్యలో ఉండిపోతే న్యూట్రల్, అంటే ఆ పక్క చక్రాలకి మోటారుతో సంబంధం తెగిపోయినట్టే. వెక్స్‌ప్రో బాల్ షిఫ్టరులో డాగ్ బదులు ఉక్కు గోళీలుంటాయి, వాటిని లోపల్నుంచి ఒక పుల్ల తోస్తుంది. తేడా అంతే.

మన మోటారు సైకిళ్ళలో ఉండేదీ ఇలాంటి డాగే. స్ప్లెండర్ నడిపిన ప్రతివాడికీ తెలుసు, సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఒక్కోసారి న్యూట్రల్ నుంచి ఫస్టు గేరు పడదు. అప్పుడేం చేస్తాం? కాలు పెడల్ మీద అలాగే ఒత్తి పెట్టి, బండిని ఓ జానెడు ముందుకో వెనక్కో కదుపుతాం. టక్కుమని పడుతుంది. లోపల జరిగిందేమిటంటే, డాగ్ పన్ను సరిగ్గా గాడి మీదికి రాలేదు, పన్ను మీద పన్ను ఎక్కి కూర్చుంది. బండి కదిలేసరికి గాడి ఎదురుగా వచ్చింది. కాలు అప్పటికే నొక్కుతూ ఉంది కాబట్టి దూరిపోయింది. పెడల్‌ని ఇన్ని మిల్లీమీటర్లు దించాలని మనం అనుకోలేదు. ఊరికే ఒత్తి పెట్టాం, అంతే.

నా వాదనంతా ఈ కాలి దగ్గరే ఉంది. గేరు పడటానికి కావలసింది ఆగకుండా ఒత్తే బలం. ఫలానా చోటికి వెళ్ళి నిలబడటం కాదు. గాలి సిలిండరు చేసేది మొదటి పని. సర్వో చేసేది రెండోది.

గాలి సంగతి చూడండి. పోటీ నియమాల ప్రకారం ట్యాంకులో 120 పీఎస్ఐ దాకా నింపుకోవచ్చు, సిలిండరుకి మాత్రం రెగ్యులేటరు దాటాక 60కి మించకూడదు. ముప్పావు అంగుళం బోరు ఉన్న చిటికెన వేలంత సిలిండరు 60 పీఎస్ఐ దగ్గర దాదాపు 12 కిలోల బలంతో తోస్తుంది. పన్ను మీద పన్ను ఎక్కితే ఏమవుతుంది? ఏమీ కాదు. సిలిండరు అక్కడే ఆగి తోస్తూ ఉంటుంది. కరెంటు తినదు, వేడెక్కదు, విసుక్కోదు. పావు సెకను తరవాత గాడి ఎదురొచ్చినప్పుడు జరుగుతుంది. సొలెనాయిడు వాల్వు రెండు కాయిల్సున్న రకమైతే ఒకసారి తిప్పాక కరెంటు పోయినా అక్కడే ఉంటుంది. తోపూ అలాగే ఉంటుంది.

సర్వో మనస్తత్వం వేరు. దాని లోపల చిన్న మోటారు, ప్లాస్టిక్‌వో ఇత్తడివో పళ్ళచక్రాలు, తను ఎక్కడుందో చూసుకునే ఒక పొటెన్షియోమీటరు ఉంటాయి. ఫలానా కోణానికి రమ్మంటే వస్తుంది. దారిలో అడ్డం తగిలితే చచ్చినా ఆ కోణానికే వెళ్ళాలని పూర్తి బలంతో పీకుతుంది. మామూలు సైజు సర్వో బలం అయిదారు కిలో-సెంటీమీటర్లు, అంటే సెంటీమీటరు పొడవున్న చేతితో తోస్తే అయిదారు కిలోలు. అదీ కదలకుండా బిగుసుకున్నప్పుడు, లోపలి మోటారు కాలుతున్నప్పుడు! ఎక్కువసేపు అలాగే వదిలేస్తే పళ్ళు రాలిపోతాయి, లేదా వాసనొస్తుంది. ఆ వాసన ఒకసారి పీల్చినవాడు మళ్ళీ మర్చిపోడు.

ఇక్కడ ఒకాయన లేచి, "బలమే సమస్యయితే పెద్ద సర్వో కొందాం" అంటాడు. అదీ తేలిగ్గా తెగదు. నెట్టుడులో ఉన్నప్పుడు చక్రాల షాఫ్టు మీద ఒక్కో పక్క సుమారు 19 న్యూటన్-మీటర్ల టార్కు ఉంటుంది. డాగ్ ఆ షాఫ్టు మీదే ఉండి, దాని పళ్ళు మధ్యనుంచి 15 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, పన్ను మీద పడే ఒత్తిడి 1,270 న్యూటన్లు. గ్రీజు పూసిన ఉక్కు మీద ఉక్కు రాపిడి అందులో పదో వంతు అనుకున్నా, డాగ్‌ని బయటికి లాగడానికి 127 న్యూటన్లు కావాలి. మన సిలిండరు బలం 118. అంటే నిండు లోడు మీద గాలి కూడా గేరు ఊడదియ్యలేదు! మరి గాలి గొప్పేమిటంటే, డ్రైవరు పిల్ల జాయ్‌స్టిక్ ఒక్క క్షణం వదిలినా, చక్రం ఒక్క క్షణం జారినా, ఆ లోడు తగ్గిన రెప్పపాటులో పని అయిపోతుంది. ఎందుకంటే తోపు అప్పటికే సిద్ధంగా ఉంది. ఆ రెప్పపాటు ఎప్పుడొస్తుందో కోడుకి తెలియనక్కర్లేదు, పిల్లకీ తెలియనక్కర్లేదు. సర్వో ఎంత పెద్దదైనా అప్పటిదాకా బిగుసుకుని కరెంటు తాగుతూ కూర్చోవాలి.

పైగా ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందో చూశారా? 2015లో వచ్చిన రోబోరియో కంట్రోలరు సర్వోలకి 6 వోల్టుల లైను ఇస్తుంది, అన్ని పోర్టులకీ కలిపి 2.2 ఆంపియర్లే. బ్యాటరీ 6.8 వోల్టులకి దిగితే ఆ 6 వోల్టులు కూడా జారడం మొదలవుతుంది. "బ్యాటరీ అంత కిందికి ఎందుకు దిగుతుందండీ" అంటారా? హైగేరులో రోబో గోడకో, ఎదుటి రోబోకో ఆనుకుని ఆగిపోయిందనుకోండి. నాలుగు సిమ్ మోటార్లు ఆగిపోయి ఉంటే నాలుగింటి నిరోధం కలిపి 0.0225 ఓములు. బ్యాటరీ, తీగలు, కనెక్టర్లూ కలిపి ఇంకో 0.02 వేసుకోండి. పన్నెండున్నర వోల్టుల్ని భాగిస్తే 290 ఆంపియర్ల పైన, బ్యాటరీ దగ్గర మిగిలేది 6.6 వోల్టులు. అంటే లోగేరు దేనికోసం పెట్టుకున్నామో సరిగ్గా ఆ ఘడియలో, దాన్ని మార్చాల్సిన సర్వోకి కూడు ఉండదు! దీన్ని మించిన అపశకునపు డిజైను ఇంకోటి ఉంటుందా? సర్వోకి వేరే పవర్ మాడ్యూలు తగిలించచ్చు, నిజమే. గాలి గోల వద్దనుకుని బయల్దేరిన మనం ఇప్పుడు మాడ్యూళ్ళూ వైర్లూ మోస్తున్నామన్నమాట.

ఆపైన మన వాళ్ళ ముచ్చట మొదలవుతుంది. ఎడమ గేరుబాక్సుకి ఒక సర్వో, కుడిదానికి ఒకటి. ఎడమది పడింది, కుడిది పడలేదు. కోడు మాత్రం రెంటికీ "మారు" అని చెప్పి, మారిపోయాయనే నమ్మకంతో ఉంది. ఎందుకంటే మామూలు సర్వో తిరిగి ఏ సంగతీ చెప్పదు. రోబో ఒక పక్కకి లాగేస్తుంది. సరే, సెన్సరు పెడదాం. సెన్సరు పడలేదని చెప్తే వెనక్కి లాగి మళ్ళీ తోద్దాం. మూడుసార్లు చూసి ఆపేద్దాం. ఆపేశాక ఏ గేరులో ఉన్నామో గుర్తు పెట్టుకుందాం. మోటార్లని కాస్త అటూ ఇటూ ఊపుదాం... సాయంత్రం అయ్యేసరికి మూడొందల లైన్ల స్టేట్ మెషీను. పదకొండో క్లాసు కుర్రాడు ఎంతో గర్వంగా చూపిస్తాడు. అంత తెలివైన కోడు చేసేదేమిటయ్యా అంటే, స్ప్లెండర్ మీద కాలు చేసే పని! గాలికి ఇందులో ఉండే కోడు ఒక్క లైను, వాల్వు తెరవమని. ఒకే వాల్వు నుంచి రెండు సిలిండర్లకీ గొట్టాలు వెళ్తాయి. రెండు డాగ్‌లూ ఒకే క్షణంలో పడకపోవచ్చు, కానీ పడనిది పడేదాకా తోపు కిందే ఉంటుంది.

గాలి మీద ఫిర్యాదులు లేవా అంటే, ఉన్నాయి. మొదటిది లీకు. నిజమే, లీకవుతుంది. ఎందుకు లీకవుతుందంటే ట్యూబుని కత్తెరతో అడ్డదిడ్డంగా కోసి ఫిట్టింగులో తోస్తారు కాబట్టి. పది డాలర్ల ట్యూబు కట్టరుతో చివర తిన్నగా కోసి, చివరిదాకా దూర్చి, సబ్బు నీళ్ళు రాసి చూస్తే బుడగలు చెప్తాయి ఎక్కడ పోతోందో. మ్యాచికి పది నిమిషాల ముందు మీటరు ముల్లు దిగుతుంటే కళ్ళకి కనిపిస్తుంది. చావబోయే సర్వోకి అలాంటి ముల్లు లేదు.

రెండోది బరువు. కంప్రెసరు, ట్యాంకు, రెగ్యులేటరు, వాల్వులు అన్నీ కలిస్తే రెండు మూడు కిలోలకి తక్కువుండదు. గేరు మార్చడానికి మాత్రమే గాలి వాడేట్టయితే అంత మొయ్యడం దండగే, ఒప్పుకుంటాను. కానీ కంప్రెసరుని రోబో మీద కాకుండా బయట ఉంచనిచ్చిన ఏళ్ళూ ఉన్నాయి. అర లీటరు పైన, అంటే 574 మిల్లీలీటర్ల ట్యాంకు ఒకటి చూడండి. అరంగుళం స్ట్రోకున్న మన సిలిండరు ఒక్కో తోపుకి మింగేది మూడున్నర మిల్లీలీటర్లు. రెండు సిలిండర్లకి ఏడు, గొట్టాల్లో వృథా కలిపి పదిహేను వేసుకోండి. 120 నుంచి 60 పీఎస్ఐకి దిగేలోపు ఆ ఒక్క ట్యాంకుతో దాదాపు ముప్ఫై సార్లు గేరు మార్చచ్చు. రెండు ట్యాంకులైతే అరవై. రెండున్నర నిమిషాల్లో అరవై సార్లు గేరు మార్చే డ్రైవరుంటే సమస్య గేరుబాక్సుది కాదు. కంప్రెసరు బయట ఉంచనిస్తారో లేదో ముందు ఆ ఏడాది రూల్సు పుస్తకం చదువుకోండి.

మూడోది ఖర్చు. సర్వో ఇరవై డాలర్లకి వస్తుంది. గాలి సామాను కొత్తగా కొనాలంటే వందల్లో ఉంటుంది. డబ్బుల్లేని టీముకి ఇది పెద్ద మాటే. అయితే డబ్బుల్లేని టీము కొనకుండా ఉండాల్సింది గాలి సామాను కాదు, రెండు గేర్ల గేరుబాక్సు! "రోబో మీద గాలి ఉంటే గాలితో మార్చండి, లేకపోతే సర్వోతో మార్చండి" అని ఒక సూత్రం చెప్తుంటారు. వినడానికి ఎంతో సర్దుబాటుగా ఉంటుంది. నా ఉద్దేశంలో తప్పు. గాలి ఉంటే గాలితో మార్చండి, లేకపోతే మార్చకండి. సెకనుకి పది పన్నెండు అడుగులకి ఒకే గేరు పెట్టుకుని, మోటారు కంట్రోలర్లలో కరెంటుకి హద్దు పెట్టుకోండి. వేగంలో కాస్త, తోపులో కాస్త పోతుంది, అంతే. సగం పడిన గేరుతో మైదానం మధ్యలో మోటార్లు గుయ్యిమంటుంటే కదలకుండా నిలబడిపోయే రోబో కంటే ఇది లక్ష రెట్లు నయం. ఆ పిల్లలకి రోజుకి అయిదో ఆరో మ్యాచులు ఉంటాయి. అందులో రెండు ఇలా పోగొట్టుకుని, "కోడులో బగ్గుందేమో" అని ఆ పదకొండో క్లాసు కుర్రాడి వైపు అందరూ చూస్తారే, అది నాకు నచ్చదు. బగ్గు వాడిది కాదు.

"ఇదంతా పాత పురాణం, ఇప్పుడు అందరూ స్వర్వ్ కదా" అనేవాళ్ళుంటారు. నిజమే. నియో, ఫాల్కన్, క్రాకెన్ లాంటి బ్రష్‌లెస్ మోటార్లు వచ్చాక, చక్రాలు నాలుగూ ఎటు కావాలంటే అటు తిరిగే స్వర్వ్ డ్రైవులు మామూలైపోయాక, నడకకి రెండు గేర్లు పెట్టేవాళ్ళు తగ్గిపోయారు. అందుకే ఇప్పుడు చెప్పాల్సొస్తోంది. నడకలోంచి పోయిన డాగ్, ఎక్కుడులోకి వచ్చి కూర్చుంది. మ్యాచి చివర్లో రోబో గొలుసుకో కడ్డీకో వేలాడాలి. 2024 ఆటలో గొలుసు, 2025లో పంజరం. దానికి వేరే మోటార్లు ఎందుకని, వేరే పని చేసే మోటార్ల శక్తినే డాగ్‌తో వించ్‌కి మళ్ళిస్తారు. లేదా ఎలివేటరుకి వేగానికొక గేరు, ఎక్కడానికొక గేరు పెడతారు. స్వర్వ్ పుణ్యమా అని చాలా టీములు గాలిని పూర్తిగా వదిలేశాయి. కాబట్టి ఈ డాగ్‌ని తోసేది ఎవరయ్యా అంటే, మళ్ళీ సర్వో!

ఇక్కడ పోయేది మ్యాచి మాత్రమే కాదు. పళ్ళు అంచు మీద మాత్రమే తగులుకుని, యాభై కిలోల రోబో గాల్లోకి లేచాక జారిందనుకోండి. మ్యాచి అయ్యాక దాన్ని కిందికి దించడానికి దాని కిందికి వెళ్ళేది పిల్లలే. సర్వో కోణం చేరిందో లేదో తెలియదు, డాగ్ ఎంత లోతు దిగిందో తెలియదు. అలాంటి దాని కింద నేనైతే నా పిల్లని నిలబెట్టను.

ఎక్కడానికి ఒక్కసారే మారాలి, దానికోసం ట్యాంకులు మొయ్యం అంటే సరే, స్ప్రింగు పెట్టండి. డాగ్‌ని గేరులోకి తోసే పని స్ప్రింగుది. సర్వో చెయ్యాల్సింది ఆ స్ప్రింగుని ఆపి ఉంచిన చిన్న కొక్కేన్ని లాగెయ్యడం. కొక్కెం తొలగించడం నిజంగానే "ఈ చోటికి వెళ్ళు" అనే పని, సర్వోకి వచ్చిన పని. తర్వాత ఒత్తేది స్ప్రింగు. దానికి వోల్టులతో పన్లేదు, పన్ను మీద పన్ను ఎక్కినా ఒత్తుతూనే ఉంటుంది. లారీల పార్కింగ్ బ్రేకు కూడా ఇలాంటిదే, గాలి ఉన్నంతసేపూ స్ప్రింగుని ఆపి ఉంచుతుంది, గాలి పోతే స్ప్రింగే పట్టేస్తుంది. ఎఫ్‌టీసీ అనే చిన్న రోబోల పోటీలో అసలు గాలి వాడటమే నిషేధం, అక్కడి పిల్లలకి ఈ స్ప్రింగు దారి ఒక్కటే మంచిది.

మీ టీములో ఎవరైనా ఇంకా సర్వోతోనే తోస్తామని పట్టుబడితే వాదించకండి. గేరుబాక్సుని బల్ల మీద పెట్టండి. చేత్తో షాఫ్టు తిప్పి డాగ్ పన్ను మీద పన్ను ఎక్కేలా చూసి, ఎవరో ఒకరు ఇంకో చేత్తో షాఫ్టుని కదలకుండా పట్టుకోండి. అప్పుడు గేరు మార్చమని బటను నొక్కండి. అయిదు సెకన్లు ఆగండి. తర్వాత షాఫ్టుని మెల్లగా వదిలి పది డిగ్రీలు తిప్పండి. ఎవరూ మళ్ళీ బటను నొక్కకుండా, టక్కుమని దానంతటదే పడాలి. ఇరవై సార్లు చెయ్యండి, బ్యాటరీ బదులు బెంచి సప్లైని 7 వోల్టులకి తగ్గించి ఇంకో ఇరవై సార్లు చెయ్యండి. పడని ప్రతిసారీ తెల్లబోర్డు మీద ఒక గీత గియ్యమని ఆ పదకొండో క్లాసు కుర్రాడికే చెప్పండి.